వేళ్లకు గుర్తుండే కథలు

ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే కంప్యూటర్ గేమ్ ఆడినవాళ్లకు నాలుగో లెవెల్లోని అద్దం గుర్తుండే ఉంటుంది. దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది. నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తుకొచ్చి దాన్లోకి దూకాలి. దూకగానే మన ప్రాణం ఒక్క చుక్కకు పడిపోతుంది. అద్దానికి అటువైపు నుంచి మన నీడ బయటికొచ్చి పారిపోతుంది. తర్వాతి లెవెల్లో మనం తాగాల్సిన మందు ఆ నీడ తాగేస్తుంది. ఆ పై లెవెల్లో మన కళ్లముందే గేటు మూసి మనల్ని కిందికి పడేస్తుంది. చివరికి పన్నెండో లెవెల్లో కత్తి దూసి ఎదురుగా నిలబడుతుంది. అప్పటిదాకా అడ్డొచ్చిన ప్రతివాణ్ణీ కత్తితోనే గెలిచాం కాబట్టి దాన్నీ పొడుస్తాం. పొడిచినప్పుడల్లా తగ్గేది మన ప్రాణమే. దాన్ని చంపితే మనమే చస్తాం. కత్తి ఒరలో పెట్టేసి, ఆ నీడ మీదికే నడిచి వెళ్లాలి. అప్పుడు ఇద్దరూ ఒకటైపోతారు. ఆ తర్వాత ముందున్న అగాధం మీద అడుగు వేస్తే కాలి కింద రాళ్లు పుట్టుకొస్తాయి.

ఈ గేమ్‌ను జోర్డాన్ మెక్‌నర్ 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం తయారుచేశాడు. పరుగెత్తడం, దూకడం నిజంగా మనిషి చేసినట్టే ఉండాలని తమ్ముణ్ణి పరుగెత్తించి వీడియో తీసి, ఆ కదలికల్ని ఒక్కొక్కటిగా బొమ్మలు గీసుకున్నాడు. అంత శ్రద్ధగా గీసిన బొమ్మలతోనే కంప్యూటర్ మెమరీ నిండిపోయింది, ఇంకో కొత్త శత్రువుకు చోటు మిగల్లేదు. దాంతో హీరో బొమ్మల్నే పిసరంత పక్కకు జరిపి వాటి మీదే మళ్లీ గీయిస్తే నీడలాంటి ఆకారం ఒకటి వచ్చింది. చోటు చాలక పుట్టిన ఆ నీడే గేమ్‌కు ప్రాణమైంది.

నేను దాన్ని గుంటూరు బ్రాడీపేటలో, మా ఇంట్లో అన్నయ్య కంప్యూటర్ మీద ఆడాను. అందులో మాటలు దాదాపు లేవు. వజీరు రాకుమారిని బంధించాడు, 60 నిమిషాల్లో విడిపించాలి. కథంతా అంతే. ఆ రాకుమారి ముఖం ఎలా ఉంటుందో అడిగితే ఈ రోజు చెప్పలేను. కానీ కత్తి దించడానికి కింది బాణం కీ మీద వేలు పెట్టి, నొక్కాలా వద్దా అని ఆగిన క్షణం మాత్రం నిన్న జరిగినట్టుంది.

కథ ఉన్న గేమ్ మనసులో ఎందుకు నిలిచిపోతుందని ఎవర్ని అడిగినా గ్రాఫిక్స్ అంటారు, మ్యూజిక్ అంటారు, క్లైమాక్స్‌లో ట్విస్ట్ అంటారు, మ్యాప్ ఎంత పెద్దదో చెబుతారు. ఇవన్నీ ఉండీ మర్చిపోయిన గేములు నా లిస్టులో బోలెడు. నా మాట ఏమిటంటే, కథలో అన్నిటికంటే బరువైన పని ఏదో దాన్ని మన చేతనే చేయించిన గేమ్ మనతో ఉండిపోతుంది. ఆ పనికి ముందు చాలాసేపు మన చేతుల్ని తయారుచేసి ఉంచాలి కూడా. రెండో షరతే అసలైనది. చాలామంది గేమ్ తయారీదారులు తప్పేది అక్కడే.

మా అక్క కొడుకు విజయవాడలో ఇంటర్ చదువుతున్నాడు, హాస్టల్లో ఉంటాడు. ఔటింగ్ ఇచ్చిన ఆదివారం పటమటలో మా ఇంటికొస్తాడు. ఏ గేమ్ పేరెత్తినా "అది నాకు తెలుసు పిన్నీ, మొత్తం చూశా" అంటాడు. సెలవుల్లో యూట్యూబ్‌లో ఆడి చూపించేవాళ్ల వీడియోలు మొదటి నుంచి చివరిదాకా చూస్తాడు. వాణ్ణి నేను తప్పుపట్టను. గేములు ఆడే ప్లేస్టేషన్ 5 మెషీన్ కొనాలంటే 50 వేల మాట. పెద్ద కంపెనీ కొత్త గేమ్ నాలుగైదు వేలు. మన ఊళ్లలో ఇంటర్ చదివే పిల్లలకు అంత డబ్బు ఎవరిస్తారు? ఒక తరం ఈ కథల్ని తెర మీద చూసే తెలుసుకుంది, అదే దక్కింది కాబట్టి. అయితే గేమ్ కథ చూస్తే చాలు, ఆడినట్టే అని ఎవరైనా వాదిస్తే మాత్రం ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో వాడి వేళ్లలోనే చూశాను.

2013లో వచ్చిన 'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్' అనే గేమ్ ఉంది. స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ స్టూడియోలో తయారైంది. దర్శకుడు జోసెఫ్ ఫారెస్ అంతకుముందు సినిమాలు తీసినవాడు. తండ్రి జబ్బుతో మంచం పట్టాడు, ఆయన కోసం మందు తేవడానికి అన్నదమ్ములిద్దరూ బయల్దేరతారు. వాళ్లు మాట్లాడేది ఏ దేశంలోనూ లేని కల్పిత భాష. అంచేత ఇంగ్లీషు రానివాళ్లకూ వచ్చినవాళ్లకూ కథ ఒకేలా అర్థమవుతుంది. రెండు చేతులతో పట్టుకుని ఆడే కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ (బొటనవేలితో తిప్పే పుల్ల), ఎడమ ట్రిగ్గర్ (చూపుడువేలితో నొక్కే మీట) అన్నకు చెందినవి. కుడి స్టిక్, కుడి ట్రిగ్గర్ తమ్ముడివి. ఇద్దర్నీ ఒకేసారి ఒక్కరే నడిపించాలి. మొదట్లో చేతులు తికమక పడతాయి, ఒకణ్ణి ఎడమకు తిప్పబోతే ఇంకొకడు గోడకు కొట్టుకుంటాడు. కాసేపటికి అలవాటవుతుంది. తల్లి నీళ్లలో మునిగి చనిపోయింది కాబట్టి తమ్ముడికి నీళ్లంటే భయం, ఈత రాదు. నీళ్లు అడ్డొచ్చినప్పుడల్లా అన్న వీపు పట్టుకుని దాటుతాడు. ఎడమ చెయ్యి ఈదుతుంటే కుడి చూపుడువేలు ట్రిగ్గర్‌ను వదలకుండా పట్టుకుని ఉండాలి.

చివర్లో అన్న చనిపోతాడు. తమ్ముడి చేత ఆ శవాన్ని గోతిలోకి చేర్పించి, మట్టి కప్పించేదీ మనమే. అప్పటి నుంచి మన ఎడమ చేతికి పని ఉండదు. కంట్రోలర్ మీద ఊరికే పడి ఉంటుంది. ఇది చదివితే తెలిసే సంగతి కాదు, చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత ఇంటికి వెళ్లే దారిలో నీళ్లు అడ్డొస్తాయి.

ఒక ఆదివారం మావాడు సోఫా అంచున కూర్చుని ఈ గేమే ఆడుతున్నాడు. కథంతా ముందే చెప్పేశాడు, ఒక్క తప్పు లేకుండా. నీళ్ల దగ్గరికొచ్చాక కుడి స్టిక్ ముందుకు తోశాడు. తెర మీది పిల్లవాడు జంకి ఆగిపోయాడు. మావాడు కుడి ట్రిగ్గర్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. "పిన్నీ, హ్యాంగ్ అయినట్టుంది" అన్నాడు. నేను మాట్లాడలేదు. వాడి ఎడమ చూపుడువేలు ట్రిగ్గర్ మీద ఊరికే ఆని ఉంది. ఒకసారి కిందికి చూసుకుని, ఆ వేలితో మెల్లగా నొక్కాడు. పిల్లవాడు నీళ్లలోకి దిగి ఈదడం మొదలుపెట్టాడు. వేలు తీస్తే ఆగిపోతున్నాడు, నొక్కితే ముందుకెళ్తున్నాడు. "ఇది అన్న బటన్ కదా" అన్నాడు. గట్టు చేరేదాకా ఆ వేలు ఎత్తలేదు.

వాడు చూసిన వీడియోలో ఆ ఘట్టం ఉంది. ఉన్నా, అందులో పిల్లవాడు కాసేపు ఆగి తర్వాత ఈదుతాడు, అంతే. ధైర్యం తెచ్చుకున్నాడు కాబోలు అనుకుంటాం. ఆ ధైర్యం అన్న బటన్‌లోంచి వచ్చిందని తెర మీద ఎక్కడా ఉండదు, చూపించడానికి దారి కూడా లేదు. వీడియోలో కథ ఉంది. కథలోని ప్రధాన సంఘటన మాత్రం లేదు, అది ఆడేవాడి ఎడమ చేతిలో జరిగింది.

ఇక్కడ పద్యనాటకం గురించి ఒక్క మాట. గుంటూరు, తెనాలి వైపు తెల్లవార్లూ నాటకాలు చూసిన మా తాతల తరానికి కథ ముందే తెలుసు. రాయబారం ఫలించదని తెలుసు, కర్ణుడు బతకడని తెలుసు. అయినా కూర్చుని వన్స్ మోర్ కొట్టారు. కథ ముందే తెలిసిపోతే గేమ్ చచ్చిపోతుందని ఇప్పటి పిల్లలు పడే టెన్షన్ చూస్తే నాకు బాధేస్తుంది. మావాడికి అన్న చనిపోతాడని తెలుసు. తెలిసి కూడా వాడి గొంతు మారింది.

బటన్ నొక్కించడమే మంత్రమైతే ప్రతి గేమూ గుర్తుండాలి కదా అని అడగొచ్చు. 2014లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: అడ్వాన్స్‌డ్ వార్‌ఫేర్'లో ఒక అంత్యక్రియల ఘట్టం ఉంది. స్నేహితుడి శవపేటిక ముందు నిలబడితే, నివాళి అర్పించడానికి ఫలానా బటన్ నొక్కమని తెర మీద అక్షరాలు వస్తాయి. కంప్యూటర్ మీద అది ఎఫ్ కీ. నొక్కితే చెయ్యి శవపేటిక మీద ఆనుతుంది. లోకమంతా నవ్వింది. ఈ రోజుకీ ఎవరైనా ఏదైనా పోగొట్టుకుంటే ఇంటర్నెట్‌లో ఆ ఒక్క అక్షరం రాసి పోతుంటారు. ఎందుకలా అయింది? ఆ కీకి వెనక చరిత్ర లేదు. ఆ స్నేహితుడితో ఆ వేలికి చెప్పుకోదగ్గ అనుబంధం లేదు. 'బ్రదర్స్'లో ఎడమ ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా అన్న ఏదో ఒకటి ఎత్తాడు, లాగాడు, తమ్ముణ్ణి పైకెక్కించాడు. అంత కూడబెట్టి పెట్టారు కాబట్టే చివర్లో ఒక్క నొక్కుకు అంత బరువొచ్చింది.

ఇంకో వాదం ఎప్పుడూ వినిపిస్తుంది. గేమ్ గొప్పదనం ఆడేవాడికి నిర్ణయం వదిలెయ్యడంలో ఉందని, ఎన్ని దారులుంటే అంత గొప్పదని. నాకు బాగా గుర్తున్నవాటిలో చాలామటుకు దారి లేనివే. 2013లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్' చివర, మనం నడిపించే జోయెల్ ఆసుపత్రిలోకి దూసుకెళ్తాడు. ఎల్లీ అనే పిల్ల శరీరం నుంచి, మహమ్మారి బారిన పడ్డ లోకాన్ని కాపాడే మందు తయారు చేయొచ్చు, అయితే ఆపరేషన్‌తో ఆ పిల్ల చనిపోతుంది. కూతుర్ని పోగొట్టుకున్న జోయెల్ దానికి ఒప్పుకోడు. ఆపరేషన్ థియేటర్లో డాక్టరు చిన్న కత్తి పట్టుకుని అడ్డంగా నిలబడతాడు. అక్కడ గేమ్ మనకోసం కాచుకుని ఉంటుంది. ఇంకో దారి లేదు, అతన్ని చంపితేనే కథ కదులుతుంది. మా ఆఫీసులో ఒకాయన దీని మీద ఇప్పటికీ నాతో గొడవపడతారు. "నాకు ఛాయిస్ ఇవ్వాలి కదండీ, నేను చంపేవాణ్ణి కాదు" అంటారు. ఆయన చంపేవారు కాదేమో. కానీ అప్పటిదాకా అన్ని గంటలు ఆ పిల్లను కాపాడటానికి అడ్డొచ్చినవాళ్లందర్నీ ఆయన వేళ్లే చంపాయి. అప్పుడు ఛాయిస్ అడగలేదు. గేమ్ ఆ మాటే ఆయనకు గుర్తుచేస్తోంది, అందుకే ఆయన ఇంకా గొడవపడుతున్నారు.

పట్టువదలని విక్రమార్కుడి పరిస్థితీ ఇదే కదా. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల వేయి చెక్కలవుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. రాజుకు దారి లేదు. చిన్నప్పుడు ఆ ప్రశ్న దగ్గర పేజీ తిప్పకుండా ఆగి, మనమే జవాబు ఆలోచించుకునేవాళ్లం. రాజు నోట్లో మాట మన నోటికొచ్చేది. దారులు పెంచితే ఆ ఇరుకు పోతుంది.

'షాడో ఆఫ్ ది కొలోసస్' ఆ ఇరుకును వేలికే తగిలిస్తుంది. ఫుమితో ఉయెదా బృందం చేసిన ఈ గేమ్ 2005లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి ఒక కుర్రాడు 16 మహాకాయుల్ని చంపాలి. వాటి ఒంటి మీద బొచ్చు పట్టుకుని పైకెక్కాలి. పట్టుకున్నంతసేపూ ఒక బటన్ నొక్కిపట్టి ఉంచాలి. అది విదిలిస్తుంది, పట్టు సడలుతుంది, నిజంగానే వేలు నొప్పెడుతుంది. వాటిలో కొన్ని మన జోలికే రావు, మనమే వెళ్లి కెలకాలి. కూలినప్పుడు విజయభేరి మోగదు, చావు ఇంట్లో వినాల్సిన సంగీతం వస్తుంది. అంత కష్టపడి గెలిచి సంతోషించలేకపోవడం నాకు ఏ సినిమా హాల్లోనూ ఎదురుకాలేదు. హాల్లో నేను కష్టపడలేదు కాబట్టి.

నిర్ణయాలు వదిలేసిన గేముల్లోనూ నిలిచిపోయేవి ఉన్నాయి. 2012లో టెల్‌టేల్ చేసిన 'ది వాకింగ్ డెడ్'లో ఎవర్ని కాపాడాలో మనమే తేల్చుకోవాలి. కాపాడినవాళ్లు కొన్నాళ్లకు ఎలాగూ చనిపోతారు. మోసం అన్నారు చాలామంది. నాకు అలా అనిపించలేదు. ఫలితం మారకపోయినా, క్లెమెంటైన్ అనే చిన్నపిల్ల పక్కన నిలబడి మనం చేసేదంతా చూస్తోంది. పిల్లల ముందు పెద్దవాళ్లు నడుచుకునే తీరు గురించిన గేమ్ అది. ఎవరు బతికారన్న లెక్క అందులో చిన్నది.

పెద్ద గేముల్లో కూడా చిన్న పనే మిగులుతుంది. 2018 నాటి 'రెడ్ డెడ్ రిడంప్షన్ 2'లో రోజుల తరబడి గుర్రం మీద తిరగొచ్చు. కొండలు, చేపలు, రైళ్లు, ఏది చూసినా కళ్లు చెదురుతాయి. నాకు మిగిలింది ఒక అప్పు వసూలు. మనం నడిపించే దొంగల ముఠా మనిషి ఆర్థర్ ఒక రోగిష్టి రైతు ఇంటికి వెళ్లి బాకీ కోసం అతన్ని కొడతాడు. కొట్టే బటన్ మనదే. ఆ రైతు దగ్గి, ఆర్థర్ ముఖాన రక్తం పడుతుంది. మనం పట్టించుకోం, గేమ్ మొదట్లోని చిన్న పని అది. చాలా గంటల తర్వాత ఆర్థర్‌కు క్షయ అని తేలుతుంది. అప్పటి నుంచి ఆ దగ్గు వదలదు. వడ్డీ వసూలుకు ఇంటి ముందు బండి ఆపి కేకలేసేవాళ్లను చూసి పెరిగిన మనకు ఆ వాకిలి కొత్తది కాదు. ఈసారి ఆ కేకలేసింది నేనే.

2017లో వచ్చిన 'వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్'లో చేపల ఫ్యాక్టరీలో పనిచేసే లూయిస్ అనే కుర్రాడి భాగం ఉంది. కుడి స్టిక్‌తో చేప అందుకుని, కత్తి కిందికి తోసి, తల తెగ్గానే పక్కకు నెట్టాలి. మళ్లీ ఇంకో చేప. ఇంతలో వాడి ఊహలో ఒక లోకం మొదలవుతుంది, అందులో వాణ్ణి ఎడమ స్టిక్‌తో నడిపించాలి. ఊహ పెరిగి పెరిగి తెరంతా ఆక్రమిస్తుంది. కుడి చెయ్యి మాత్రం చేపలు కోస్తూనే ఉంటుంది, చూడక్కర్లేకుండానే.

ఆ భాగం ఆడినప్పుడు నాకు గుంటూరు మిర్చి గోడౌన్లు కళ్లముందుకొచ్చాయి. ఆడవాళ్లు కాయల గుట్ట ముందు వరసగా కూర్చుని ముచ్చికలు తీస్తుంటారు. ముక్కుకు గుడ్డ, ఎడమ చేతిలో గుప్పెడు కాయలు. కుడి బొటనవేలూ చూపుడువేలూ ముచ్చిక దగ్గర పట్టి ఒక్క తిప్పు తిప్పుతాయి. కాయ ఇటు, ముచ్చిక అటు. చేతులు మండుతూనే ఉంటాయి, కూలి కిలోల లెక్క. "చెయ్యి దాని పని అది చేసుకుంటది, మనసు ఇంటికాడ ఉంటదమ్మా" అని ఒకావిడ నాతో అంది. లూయిస్ కథను అమెరికాలో ఎవరో రాశారు. దాన్ని అందరికంటే బాగా అర్థం చేసుకోగలిగింది ఆవిడేమో. ఆ గేమ్ పేరు ఆవిడ వినే అవకాశమే లేదన్నది నన్ను బాధించే విషయం.

మనవైపు నుంచి ఇలాంటివి రావా? 2020లో పుణెకు చెందిన నోడింగ్ హెడ్స్ గేమ్స్ 'రాజీ'ని విడుదల చేసింది. అపహరణకు గురైన తమ్ముడి కోసం సర్కస్ పిల్ల ఒకతి రాక్షసులతో పోరాడుతుంది. మధ్యమధ్యలో కథను నీడబొమ్మలతో చెప్పారు. మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. కళ్లకు పండగే. చేతులు చేసేది మాత్రం ఇంకో వంద గేముల్లో చేసిన కొట్లాటే. 2023లో వచ్చిన 'వెన్బా' బడ్జెట్‌లో చిన్నది, చేసింది కెనడాలోని విసాయ్ గేమ్స్. అక్కడ స్థిరపడిన తమిళ తల్లి, చిరిగి చెరిగిపోయిన వంటల పుస్తకం చూస్తూ వరస కనిపెట్టి ఇడ్లీ వేయాలి. తల్లి మర్చిపోతున్న ఊరు, కొడుక్కి అందకుండా పోతున్న భాష, రెండూ ఆ వంట పనిలోనే ఉన్నాయి. నా లెక్కలో 'వెన్బా' చాలా పై మెట్టు మీద ఉంటుంది.

విజయవాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు గేమ్ చేస్తామని వచ్చి మాట్లాడితే మొదట గోపురాల బొమ్మలు చూపిస్తారు, తర్వాత పురాణంలోంచి హీరో, తర్వాత ఆయుధాలు. చాలా కష్టపడి చేస్తారు. హీరో కత్తి తిప్పనప్పుడు ఆడేవాడి వేలు ఏం చేస్తుందని అడిగితే జవాబుండదు. నేనైతే మిర్చి రైతు ఇంటి నుంచి మొదలుపెడతాను. కల్లంలో ఎండబోసిన కాయల్లోంచి తాలు కాయలు ఏరడం ఆడేవాడి పని. ఎర్రకాయ ఇటు, తెల్లబారిన తాలు అటు, ఒక్కటే బటన్. పక్కన అమ్మానాన్నల మాటలు వినిపిస్తుంటాయి, పురుగుమందుల బాకీ, అక్క పెళ్లి, కౌలు. రెండు గంటలపాటు ఇంతే. వాన మబ్బు పడితే వేగంగా ఏరాలి. ఆ తర్వాత టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కట్టి గుంటూరు యార్డుకు తీసుకెళ్లాలి. కొనేవాడు వచ్చి టిక్కీలోంచి గుప్పెడు తీసి నలిపి చూసి, ఒక రేటు చెబుతాడు. మనం ఏరిన ఏరివేత అంతా ఆ గుప్పెట్లో ఉంటుంది. కాదంటే సరుకు కోల్డ్ స్టోరేజీకి పోతుంది, అక్కడ అద్దె, ఇక్కడ వడ్డీ. ఔనంటే తాలు ఏరిన ఆ బటన్‌నే నొక్కాలి. నాన్న పక్కన నిలబడి ఉంటాడు, ఏమీ అనడు. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, గేమ్ తొందరపెట్టదు. కొనేవాడు మాత్రం వెళ్లి పక్క కొట్టు ముందున్న టిక్కీలు చూస్తుంటాడు.